బండి పెట్టిన చోట లేదా? హైదరాబాద్‌లో టోయింగ్ చేసిన వాహనాన్ని విడిపించుకోవడం ఎలా

"కోఠిలో బండి పెట్టి షాపులోకి వెళ్లి వచ్చేసరికి లేదు. ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి? ఎంత కట్టాలి?" ఈ ప్రశ్న మాకు తరచూ వస్తుంది. ఒక్కోసారి కోఠి బదులు అమీర్‌పేట, జనరల్ బజార్, దిల్‌సుఖ్‌నగర్ ఉంటాయి, ప్రశ్న మాత్రం అదే. జవాబు ఒక్క ముక్కలో చెప్పలేం. పోలీసులు బండి తీసుకెళ్లడానికి చాలా కారణాలు ఉంటాయి, కారణాన్ని బట్టి మీరు వెళ్లాల్సిన ఆఫీసు మారుతుంది. పార్కింగ్ కేసుకు లాయర్‌ని వెతికేవాళ్లు ఉన్నారు. కోర్టులో తేలాల్సిన కేసుకు వారం రోజులు ఎస్సై చుట్టూ తిరిగేవాళ్లూ ఉన్నారు. అందుకే కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి.

దగ్గర ఉండాల్సినవి

ఆర్సీ, డ్రైవింగ్ లైసెన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్ లాంటి ఒక గుర్తింపు కార్డు, బండి తాళం. కాగితాలు ఇంట్లో ఉంటే కంగారు పడకండి. డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ చూపించే ఆర్సీ, లైసెన్స్ చెల్లుతాయి. దీనికోసం కేంద్ర మోటారు వాహన నిబంధనలను 2018లోనే సవరించారు. తెలంగాణ రవాణా శాఖ ఎం-వాలెట్‌లోనూ ఉంచుకోవచ్చు. గ్యాలరీలో ఉన్న ఫోటో మాత్రం పనికిరాదు. ఎక్కువ మంది స్టేషన్‌లో దాన్ని చూపించి వెనక్కి తిరిగి వస్తారు.

బండి మీ పేరు మీద లేకపోతే ఆర్సీలో పేరున్న మనిషిని వెంట తీసుకెళ్లండి. ఆయన రాలేకపోతే సంతకం చేసిన అనుమతి లేఖ, ఆయన గుర్తింపు కార్డు కాపీ పట్టుకెళ్లండి. సెకండ్ హ్యాండ్‌లో కొని పేరు మార్పించుకోని వాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. పాత యజమాని ఫోన్ ఎత్తకపోతే మీ బండికి మీరే పరాయివాళ్లు అవుతారు.

1. పోయిందా, తీసుకెళ్లారా? ముందు అది తేల్చుకోండి

అక్కడే నిలబడి చుట్టుపక్కల అడగండి. పాన్ డబ్బా, టీ కొట్టు, షాపు వాచ్‌మన్, వీళ్లలో ఎవరో ఒకరు చూసే ఉంటారు. క్రేన్ బండి వచ్చిపోతే ఆ వీధిలో తెలియకుండా ఉండదు. మీ బండి ఒక్కటే పోయిందా, ఆ వరుసలో మిగతావీ పోయాయా చూడండి. వరుస మొత్తం ఖాళీ అయితే అది దొంగ పని అయ్యే అవకాశం తక్కువ.

తర్వాత ఫోన్‌లో తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్ తెరిచి బండి నంబర్ కొట్టండి. చలాన్ వేసి ఉంటే తేదీ, సమయం, స్థలం, ఏ ట్రాఫిక్ స్టేషన్ పరిధి అనేవి కనిపిస్తాయి. చాలాసార్లు ఫోటో కూడా ఉంటుంది. నంబర్ ఆర్సీ మీద ఉన్నట్టే కొట్టండి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వస్తోంది గానీ, అంతకుముందు టీఎస్‌తో రిజిస్టర్ అయినవి టీఎస్‌తోనే ఉన్నాయి. ఇంకా పాత బండ్లకు ఏపీ 09, ఏపీ 28 లాంటి నంబర్లే ఉంటాయి. ఇప్పుడంతా టీజీ కదా అని మార్చి కొడితే ఏమీ దొరకదు. "చలాన్ లేదు, కాబట్టి దొంగతనమే" అని అప్పుడే నిర్ణయానికి రావద్దు. చలాన్ సైట్‌లోకి ఎక్కడానికి కాస్త సమయం పట్టవచ్చు.

సైట్‌లో ఏమీ కనిపించకపోతే దగ్గరి ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి, లేదా 100కు ఫోన్ చేసి బండి నంబర్, పెట్టిన చోటు చెప్పండి. ఇక్కడ ఒక జాగ్రత్త. మామూలు లా అండ్ ఆర్డర్ స్టేషన్ వేరు, ట్రాఫిక్ స్టేషన్ వేరు. రెండింటి పరిధులు కలవాలని లేదు. ఊరంతా ఒకే కమిషనరేట్ కిందా లేదు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు సైబరాబాద్ వాళ్లది, కోఠి, అబిడ్స్ హైదరాబాద్ వాళ్లది. "మా దగ్గర లేదు" అని ఒక స్టేషన్‌లో చెబితే ఆ చోటు ఎవరి పరిధిలోకి వస్తుందో కూడా అక్కడే అడిగి బయటికి రండి.

లోన్ బండి అయి, ఈఎంఐలు ఆగి ఉంటే ఫైనాన్స్ కంపెనీకి కూడా ఒక ఫోన్ కొట్టండి. చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది గానీ, రికవరీ వాళ్లు తీసుకెళ్లిన బండి కోసం ట్రాఫిక్ స్టేషన్లు తిరిగితే రోజంతా పోతుంది.

ఎక్కడా ఆచూకీ లేకపోతే ఆ రోజే దొంగతనం ఫిర్యాదు ఇవ్వండి, రాత్రి దాటనివ్వకండి. ఆలస్యం చేస్తే ఇన్సూరెన్స్ కంపెనీ ప్రశ్నలు వేస్తుంది.

2. ఏ కారణంతో తీసుకెళ్లారో స్పష్టంగా అడగండి

బండి దొరికాక అడగాల్సింది "ఎప్పుడిస్తారు?" అని కాదు, "ఏ సెక్షన్ కింద తెచ్చారు?" అని. గొడవ పెట్టుకునే గొంతుతో వద్దు, మామూలుగా అడగండి. వచ్చే జవాబు దాదాపుగా వీటిలో ఒకటి అవుతుంది: అడ్డదిడ్డంగా పార్క్ చేశారు, లైసెన్స్ గానీ రిజిస్ట్రేషన్ గానీ పర్మిట్ గానీ లేదు, డ్రంక్ అండ్ డ్రైవ్, యాక్సిడెంట్, ఇంకేదైనా క్రిమినల్ కేసు. మొదటిదైతే 3వ అడుగు నుంచి చదవండి. మిగతావైతే ఇంకా కిందికి, "పార్కింగ్ కాకపోతే" అన్న చోటికి వెళ్లండి.

పార్కింగ్ విషయంలో రెండు వాదనలు తరచూ వింటాం. రెండూ నిలబడవు.

"పది గంటలు దాటితేనే తీయాలని చట్టంలో ఉంది." మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్‌లో పది గంటల మాట నిజంగానే ఉంది. అది రోడ్డు మీద వదిలేసి పోయిన బండి గురించి. పార్కింగ్ నిషేధం ఉన్న చోట పెట్టిన బండికి ఆ పది గంటలు వర్తించవు. ట్రాఫిక్‌కు ప్రమాదంగా ఉన్న బండినైతే వెంటనే తీసేయవచ్చు. తీయడానికి అనుమతి ఇవ్వాల్సింది యూనిఫామ్‌లో ఉన్న పోలీసు అధికారి. పోలీసు ఎవరూ లేకుండా క్రేన్ కుర్రాళ్లే ఎత్తుతుంటే మాత్రం మీరు అడగవచ్చు.

"అక్కడ నో పార్కింగ్ బోర్డు లేదు." 2017 డ్రైవింగ్ నిబంధనల ప్రకారం కొన్ని చోట్లకు బోర్డు అక్కర్లేదు. ఫుట్‌పాత్, జీబ్రా క్రాసింగ్, జంక్షన్‌కు 50 మీటర్ల లోపు, బస్టాప్ దగ్గర, ఆసుపత్రి లేదా స్కూల్ గేటు దగ్గర, ఇతరుల గేటు ముందు, ఇంకో బండి పక్కనే రెండో వరుసలో పెట్టడం, ఇవన్నీ తప్పే. మన ఊళ్లో 50 మీటర్ల లెక్కన చూస్తే సగం బజార్లలో బండి పెట్టడానికి చోటే మిగలదు. ఆ మాట నిజమే అయినా స్టేషన్‌లో పనికిరాదు.

3. ఎత్తుతుండగానే మీరు చేరుకుంటే

వెంటనే అధికారికి కనిపించి "బండి నాదే సార్, ఇప్పుడే తీసేస్తాను, చలాన్ వేయండి" అనండి. బండి ఇంకా కొక్కేనికి తగలకపోతే చలాన్‌తో వదిలేసే అవకాశం ఉంది. మీ మాట తీరు మీద కూడా కొంత ఆధారపడుతుంది. క్రేన్‌కు అడ్డంగా నిలబడటం, ఎత్తిన బండి మీదికి ఎక్కడం చేయకండి. పార్కింగ్ చలాన్‌తో పోయేది విధులకు ఆటంకం కేసు దాకా వెళ్తుంది.

చక్రానికి లాక్ వేసి ఉంటే దాని మీదో, అద్దం మీదో ఉన్న నంబర్‌కు ఫోన్ చేయండి. నంబర్ లేకపోతే 100. లాక్‌ను సుత్తితో కొట్టడం, బండిని అలాగే ముందుకు కదిలించడం వద్దు. రిమ్ వంగుతుంది, పైగా లాక్ ఖర్చు కూడా మీ మీద పడుతుంది.

4. డబ్బు కట్టే ముందు బండిని చూడండి

ఎక్కువ మంది వదిలేసే అడుగు ఇదే. కట్టేసి, తాళం పెట్టి, ఇంటికెళ్లాక గీతలు చూసుకుంటారు. అప్పుడు అది టోయింగ్‌లో పడిందో, దారిలో పడిందో ఎవరు చెప్పాలి?

స్టేషన్ ఆవరణలోనే, బండిని కదిలించకుండా, నాలుగు వైపులా ఫోటోలు తీయండి. వెనకాల స్టేషన్ బోర్డో గోడో కనిపించేలా ఒకటి ఉండాలి. మీటర్ రీడింగ్ కూడా తీసుకోండి.

బైక్ అయితే హ్యాండిల్ లాక్ వేసి ఉండగా లాగారా చూడండి. హ్యాండిల్ ఒక పక్కకు లాగుతున్నా, ముందు ఫోర్క్ తేడాగా ఉన్నా అదే కారణం కావచ్చు. బ్రేక్ లివర్, అద్దాలు, సైడ్ స్టాండ్, ఫుట్‌రెస్ట్, సైలెన్సర్ చూడండి. పెట్రోల్ కారుతోందేమో వాసన చూడండి.

కారు అయితే ముందు బంపర్ అడుగు, నంబర్ ప్లేట్, అద్దాల చుట్టూ ఉన్న రబ్బర్లు చూడండి. ముందు చక్రాలు ఎత్తి లాగినప్పుడు హ్యాండ్ బ్రేక్ వేసి ఉంటే వెనక టైర్లు రోడ్డు మీద రాసుకుంటాయి. టైరు మీద ఒకే చోట అరిగిన మచ్చ ఉందేమో వేలితో తడిమి చూడండి. లోపల మీరు వదిలిన సామాన్లు లెక్క చూసుకోండి.

ఏదైనా దెబ్బ కనిపిస్తే అక్కడే తెల్ల కాగితం మీద రాసి స్టేషన్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే అదే కాగితాన్ని ఫోటోలతో కలిపి ట్రాఫిక్ డీసీపీ ఆఫీసుకు పంపండి. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే సొంత నష్టం కింద క్లెయిమ్ అడగవచ్చు. అప్పుడూ ఈ ఫోటోలే అడుగుతారు.

5. ఎంత కట్టాలి, ఎలా కట్టాలి

మీరు కట్టేది ఒకే మొత్తంలా కనిపించినా అందులో రెండు వేర్వేరు లెక్కలు ఉంటాయి: పార్కింగ్ తప్పుకు జరిమానా, బండిని లాక్కొచ్చినందుకు టోయింగ్ ఛార్జీ. టోయింగ్ ఖర్చు యజమానిదే అని 127వ సెక్షన్ చెబుతుంది, జరిమానా దానికి అదనం. టోయింగ్ ఛార్జీ బైకుకు ఒకటి, కారుకు ఒకటి, పెద్ద వాహనాలకు ఇంకొకటి. ఈ-చలాన్ మీద 35 రూపాయల యూజర్ ఛార్జీ కూడా కనిపిస్తుంది. అది ఎవరో కలిపేసింది కాదు.

తప్పును బట్టి జరిమానా మారుతుందనడానికి ఒక ఉదాహరణ. 2022 అక్టోబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఆపరేషన్ రోప్ (అడ్డంగా ఉన్న పార్కింగ్, ఆక్రమణలను తొలగించే డ్రైవ్) మొదలుపెట్టినప్పుడు స్టాప్ లైన్ దాటితే 100, ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డుపడితే 1000, నడిచేవాళ్లకు అడ్డంగా పార్క్ చేస్తే 600 రూపాయలు అని ప్రకటించారు. కాబట్టి "మా బామ్మర్దికి ఇంతే పడింది" అని పోల్చుకుని ప్రయోజనం లేదు. మీ చలాన్ మీద ఏ తప్పు రాశారో చదవండి.

కట్టేటప్పుడు చూసుకోవాల్సింది ఒక్కటే: ప్రతి రూపాయికీ కాగితం ఉండాలి. రసీదు మీద బండి నంబర్, తేదీ, జరిమానా ఎంత, టోయింగ్ ఎంత అన్నవి విడివిడిగా ఉన్నాయా చూడండి. ఆన్‌లైన్‌లోనో, యూపీఐతోనో కట్టడం మేలు. యూపీఐ అయితే స్కాన్ చేశాక తెరమీద ఎవరి పేరు వచ్చిందో చదివాకే పిన్ కొట్టండి. క్రేన్ దగ్గరి కుర్రాడు "రెండొందలు ఇవ్వండి, ఇక్కడే దింపేస్తా" అంటే ఇవ్వకండి. చలాన్ తర్వాత కూడా పడొచ్చు, ఇచ్చిన డబ్బుకు రుజువు మాత్రం ఉండదు.

"పాత చలాన్లన్నీ కడితేనే బండి" అని చెబితే? బండిని నిలిపి ఉంచడానికి మోటారు వాహనాల చట్టం 207వ సెక్షన్‌లో రాసిన కారణాల్లో పాత చలాన్లు లేవు. అలా ఆపితే ఏ నిబంధన కింద ఆపారో రాసి ఇమ్మని అడగవచ్చు. నా సలహా మాత్రం కాస్త వేరు. స్టేషన్‌కు బయలుదేరే ముందే పెండింగ్‌లో ఏమున్నాయో చూసుకుని, న్యాయమైనవి కట్టేసి వెళ్లండి. 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరులో ఇంకోసారి ప్రభుత్వం భారీ రాయితీ ఇచ్చింది కదా, మళ్లీ ఇస్తారని కూడబెట్టుకునేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. టోయింగ్ రోజున ఆ లెక్క తారుమారు అవుతుంది.

పార్కింగ్ కాకపోతే

డ్రంక్ అండ్ డ్రైవ్: పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. ఈ కేసుల్లో బండి సంగతిపై 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు స్పష్టమైన ఆదేశాలిచ్చింది. తాగి నడిపారన్న ఒక్క కారణంతో బండిని స్వాధీనం చేసుకుని ఉంచుకోకూడదు. పక్కన తాగని, లైసెన్స్ ఉన్న మనిషి ఉంటే అతనికి ఇవ్వాలి. లేకపోతే బంధువునో స్నేహితుడినో పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే స్టేషన్‌కు తరలించాలి. తర్వాత యజమాని గానీ, ఆయన పంపిన మనిషి గానీ ఆర్సీ, గుర్తింపు కార్డు, లైసెన్స్ చూపిస్తే తిరిగి ఇవ్వాలి. కాబట్టి ఆ రాత్రి చేయాల్సిన మొదటి పని తాగని మనిషికి ఫోన్ చేయడం. అక్కడ "నేను బాగానే ఉన్నా సార్" అని అరగంట వాదిస్తే ఆ ఫోన్ చేసే టైమే పోతుంది.

బండి వచ్చేసిందంటే కేసు ముగిసినట్టు కాదు. గోషామహల్‌లో గానీ బేగంపేటలో గానీ ఉన్న ట్రాఫిక్ ట్రైనింగ్ ఇనిస్టిట్యూట్‌లో కౌన్సెలింగ్‌కు వెళ్లాలి, ఇంట్లోవాళ్లను తీసుకురమ్మంటారు. ఆ తర్వాత కోర్టు. మొదటిసారికే చట్టంలో ఆరు నెలల వరకు జైలు ఉంది. ఇచ్చిన తేదీ తప్పితే విషయం ఇంకా ముదురుతుంది.

లైసెన్స్, రిజిస్ట్రేషన్, పర్మిట్ లేకపోతే: 207వ సెక్షన్ కింద బండిని నిలుపుతారు. కాగితాలు ఉండి ఆ రోజు వెంట లేకపోతే అవి చూపించి, దరఖాస్తు రాసిచ్చి విడిపించుకోవచ్చు. అసలు లేకపోతే ముందు ఆ లోటు సరిచేసుకోవాలి. ఆటోలు, క్యాబ్‌ల పర్మిట్ విషయాలు ఆర్టీఏ ఆఫీసులో తేలుతాయి, ట్రాఫిక్ స్టేషన్‌లో కాదు.

నడిపింది మైనర్ అయితే: దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 199ఏ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులు లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ రాదు. ఇక్కడ మాత్రం లాయర్‌ని పెట్టుకోండి.

యాక్సిడెంట్: మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ బండిని పరీక్షించాలి. ఆ తంతు అయ్యాక 24 గంటల్లో బండి తిరిగి ఇవ్వాలని 136వ సెక్షన్ చెబుతుంది. పరీక్ష కాకుండా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లకండి.

క్రిమినల్ కేసులో బండి ఆధారంగా చిక్కితే: ఇది స్టేషన్‌లో తేలదు. ఆ స్టేషన్ పరిధి ఏ మేజిస్ట్రేట్ కోర్టుకు వస్తుందో కనుక్కుని, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 497 లేదా 503 సెక్షన్ కింద పిటిషన్ వేయాలి. కోర్టు బాండ్, పూచీకత్తు తీసుకుని మధ్యంతరంగా బండి ఇస్తుంది. అమ్మకూడదు, రంగు మార్చకూడదు, పిలిచినప్పుడు తేవాలి లాంటి షరతులు ఉంటాయి. స్టేషన్ ఆవరణల్లో బండ్లను ఏళ్లతరబడి తుప్పు పట్టనివ్వద్దని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. మీ లాయర్ పిటిషన్‌లో ఆ తీర్పు ప్రస్తావించారో లేదో చూసుకోండి.

పాత బండే కదా అని వదిలేయకండి

"జరిమానా కంటే బండి ధర తక్కువ, ఉండనీ" అనుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఎవరూ రాని బండ్లకు పోలీసులు ప్రకటన ఇచ్చి, ఆరు నెలల గడువు తర్వాత వేలం వేస్తారు. ఆ గడువులోపు యజమాని గానీ, లోన్ ఇచ్చిన కంపెనీ గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. వేలంలో బండి పోయినా మీ లోన్ పోదు, ఈఎంఐ నడుస్తూనే ఉంటుంది.

6. అయిపోయిందా లేదా సరిచూసుకోండి

ఒకటి రెండు రోజులాగి ఈ-చలాన్ సైట్‌లో నంబర్ మళ్లీ కొట్టండి. కట్టింది పెండింగ్‌లోంచి పోవాలి. పోకపోతే రసీదు నంబర్‌తో అదే స్టేషన్‌కు వెళ్లండి. ఒకే తప్పుకు రెండు చలాన్లు పడ్డాయేమో, సమయం, చోటు రెండూ కలుస్తున్నాయేమో చూడండి. మీ నంబర్‌తో ఇంకెవరి బండి ఫోటోనో ఉంటే ఆ ఫోటో, మీ ఆర్సీ, మీ బండి ఫోటో జతచేసి ఈ-చలాన్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. తప్పు చలాన్‌ను ముందు కట్టేసి తర్వాత అడుగుదాం అనుకోవద్దు. కట్టాక ఒప్పుకున్నట్టే చూస్తారు.

వాట్సాప్‌లో "మీ చలాన్ పెండింగ్‌లో ఉంది" అంటూ ఏపీకే ఫైల్ వస్తే తెరవకండి, అది మోసం. అసలు సైట్ చిరునామా చివర గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. పొరపాటున ఇన్‌స్టాల్ చేసి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇంకో పని కూడా ఉంది. ఆర్సీకి జోడించిన మొబైల్ నంబర్ ఇప్పుడు మీరు వాడుతున్నదేనా? షోరూమ్ వాళ్లదో, పాత యజమానిదో ఉంటే చలాన్ మెసేజ్ వాళ్లకే పోతుంది. రవాణా శాఖ సైట్‌లో గానీ, ఆర్టీఏ ఆఫీసులో గానీ అది మార్పించుకోండి.